కొర్రమీనుకి అంత ధర ఎందుకు?



ఆదివారం పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్లేవాళ్లకి ఒక సంగతి బాగా తెలుసు. బొచ్చె ధర ఒకటి. శీలావతి ధర కూడా దానికి అటూ ఇటూగానే ఉంటుంది. కొర్రమీను దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి జేబులోకి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. కనీసం రెండింతలు చెబుతారు. ఒక్కోసారి మూడింతలు కూడా.

ఎందుకమ్మా అంత అని అడగండి. అమ్మే ఆవిడ గబగబా చెప్పేస్తుంది. ముళ్లు తక్కువ బాబూ. రుచి ఎక్కువ. పైగా చూడండి, తొట్లో ఇంకా బతికే ఉంది. అన్నీ నిజమే. కొర్రమీను గాలి కూడా పీల్చుకోగలదు. అందుకే గంటల తరబడి తొట్లో బతికి ఉంటుంది.

అయితే ఈ జవాబులన్నిటికీ అడుగున ఇంకో జవాబు ఉంది. అది మన పిల్లల సైన్సు పుస్తకంలో ఉంది. ఆవరణ వ్యవస్థలు అనే పాఠంలో, శక్తి ప్రవాహం అనే శీర్షిక కింద ఉంటుంది. పిల్లలు దాన్ని బాణం గుర్తులతో బట్టీ పడతారు. గడ్డి, బాణం, మిడత, బాణం, కప్ప, బాణం, పాము. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ బాణం గుర్తులో ఏం జరుగుతోందో మాత్రం చాలామందికి ఎవరూ చెప్పరు. ఈ రోజు నేను ఆ బాణం గురించే మాట్లాడతాను. కొర్రమీను ధర కూడా అందులోనే తేలుతుంది.

మీ ఊరి చెరువు తీసుకుందాం. వేసవిలో నెర్రెలు విచ్చిన చెరువు వద్దు. కార్తీకమాసంలో నిండుగా ఉన్న చెరువును తలుచుకోండి. నీళ్లు కాస్త పచ్చగా ఉంటాయి. ఆ పచ్చదనం అంతా నాచు. గట్టున రాళ్లకు పట్టే నాచు సంగతి కాదు నేను చెప్పేది. నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచు. ఒక్కో కణం కంటికి కనిపించదు. కోట్లు కలిస్తే నీళ్లకి ఆ రంగు వస్తుంది. పుస్తకంలో వృక్ష ప్లవకాలు అని రాస్తారు. కైకలూరు, ఆకివీడు వైపు చేపల రైతులు ప్లాంక్టన్ అంటారు. మనం ఈ పూటకి నాచు అనే అందాం.

ఎండ పడితే ఈ నాచు తన తిండి తానే తయారు చేసుకుంటుంది. చెరువులో తామర, తుంగ లాంటి మొక్కలు కూడా ఆ పని చేస్తాయి. మిగతావన్నీ తినేవే. నాచును సూది మొనంత పురుగులు తింటాయి. నీళ్లలో గంతులేస్తూ కనిపించే చిన్న చిన్న ప్రాణులు. ఆ పురుగులను పరిగెలు తింటాయి. పరిగెలను కొర్రమీను మింగుతుంది.

గుర్తుంచుకోండి. నాచు, పురుగులు, పరిగెలు, కొర్రమీను. నాలుగు మెట్లు.

ఇప్పుడు చిన్న లెక్క. కాగితం అక్కర్లేదు. వెయ్యి కిలోల నాచు ఉందనుకోండి. దాన్ని తిని పురుగులు పెరిగాయి. ఎన్ని కిలోలు పెరుగుతాయి? వెయ్యి కాదు. సుమారు వంద. ఆ వంద కిలోల పురుగులను తిని పరిగెలు పెరిగాయి. అవి సుమారు పది కిలోలు. ఆ పది కిలోల పరిగెలను తిని కొర్రమీను పెరిగింది. ఎంత? ఒక్క కిలో.

వెయ్యి, వంద, పది, ఒకటి.

మార్కెట్లో మీ ముందు తూకం మీద ఉన్న కిలో కొర్రమీను వెనక వెయ్యి కిలోల నాచు ఉంది. అదే శీలావతి అయితే? శీలావతి ఎక్కువగా నాచు, కుళ్లిన ఆకులు, అలములు తింటుంది. అంటే అది రెండో మెట్టు మీదే ఉంది. అదే వెయ్యి కిలోల నాచుతో వంద కిలోల దాకా శీలావతి పెరగగలదు. ఒక చెరువు. ఒకే ఎండ. ఒక దారిలో వంద కిలోల చేప, ఇంకో దారిలో ఒక్క కిలో చేప. ధర ఊరికే పెరగలేదు.

ఈ లెక్క చెప్పగానే పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మిగతా తొమ్మిది వందల కిలోలు ఏమయ్యాయి? ఎవరు తినేశారు?

మంచి ప్రశ్న. జవాబు కోసం చెరువు దాకా వెళ్లక్కర్లేదు. ఇంట్లోనే ఉంది. మీ ఇంట్లో పన్నెండేళ్ల అబ్బాయి ఉన్నాడనుకోండి. అన్నం, పప్పు, కూర, పెరుగు, పళ్లు, అన్నీ కలిపి రోజుకి కిలో దాకా తింటాడు. ఏడాదికి మూడు వందల అరవై అయిదు కిలోలు. మరి ఏడాదిలో వాడి బరువు ఎంత పెరుగుతుంది? మూడు కిలోలు, నాలుగు కిలోలు. తిన్నదాంట్లో నీళ్ల బరువు తీసేసి చూసినా తేడా చాలా పెద్దది. మిగతా తిండి ఏమైంది? వాడు పరిగెత్తాడు. చదివాడు. నిద్రలో ఊపిరి తీశాడు. ఒళ్లు వెచ్చగా ఉంచుకున్నాడు. వాడి నుదుటి మీద చెయ్యి వేస్తే తగిలే వెచ్చదనం ఉంది చూశారా, మీరు పెట్టిన అన్నంలో చాలా భాగం అలా గాలిలో కలిసిపోయింది. ఆ వేడిని ఎవరూ పట్టి మళ్లీ అన్నం చేయలేరు.

పరిగె కూడా అంతే. ఈదుతుంది. పారిపోతుంది. గుడ్లు పెడుతుంది. తిన్నదంతా అరగదు, కొంత విసర్జిస్తుంది. కొన్ని పరిగెలు ఎవరి నోటా పడకుండానే చచ్చిపోతాయి. ఇన్ని ఖర్చులు పోగా ఒంటికి పట్టింది మాత్రమే పై మెట్టుకి అందుతుంది. పదో వంతు అటూ ఇటూగా.

పంట కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్లకి దీన్ని నేను చెప్పక్కర్లేదు. తూము దగ్గర కాలువ నిండా నీళ్లు. దారిలో ఇసుక తాగుతుంది, ఎండ తాగుతుంది, పై రైతులు మడులు నింపుకుంటారు. చివరి భూములకి వచ్చేసరికి కాలువలో తడి మాత్రమే మిగులుతుంది. ఎండ నుంచి బయలుదేరిన శక్తి కూడా అలాగే పారుతుంది. నాచుది తూము పక్క పొలం. కొర్రమీనుది చివరి ఆయకట్టు.

అందుకే ఆ బాణం గుర్తు గీసేటప్పుడు పిల్లలకి ఒక మాట చెప్పండి. బాణం మొదట్లో లావుగా గీయండి. ప్రతి మెట్టుకీ సన్నగా చేయండి. నాలుగో బాణం పెన్సిల్ మొనంత రావాలి. అయిదో బాణం గీయడానికి చాలాచోట్ల చోటే ఉండదు. గొలుసులు చిన్నవిగా ఎందుకుంటాయో వాళ్లకి అక్కడే తెలిసిపోతుంది.

ఈ లెక్క పుస్తకం చదవకుండానే బాగా తెలిసినవాళ్లు మన చేపల రైతులు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో ఏం వేస్తారు? ఎక్కువగా శీలావతి, దానితో బొచ్చె. కొందరు మోసు కూడా కలుపుతారు. బొచ్చె పై నీళ్లలో తిరుగుతుంది. అది పురుగుల్ని ఎక్కువ తింటుంది. శీలావతి మధ్య నీళ్లలో మేస్తుంది. మోసు అడుగున బురదలో కుళ్లిన పదార్థం ఏరుకుంటుంది. ఒకదాని తిండికి ఇంకొకటి పెద్దగా అడ్డు రాదు. ఇంకో చేపను వేటాడి తినేది వీటిలో ఒక్కటీ లేదు. అన్నీ కింది మెట్ల చేపలే. అందుకే ఎకరానికి టన్నుల్లో దిగుబడి వస్తుంది.

రైతు చేపలకి మేత వేయడం మీరు చూసే ఉంటారు. నూనె తీసిన తవుడు సంచుల్లో నింపుతారు. సంచులకి చిల్లులు పెడతారు. చెరువులో కర్రలు పాతి వాటికి కడతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. తవుడు ఎక్కడిది? వరి పొలంలోది. అది కూడా ఎండ పడి పెరిగిందే. అంటే రైతు తన చెరువు మీద పడ్డ ఎండ చాలక, పక్క పొలం మీద పడ్డ ఎండను కూడా సంచుల్లో తెచ్చి వేస్తున్నాడన్న మాట.

చెరువులోకి పేడ, కోళ్ల ఎరువు కూడా వేస్తారు. చేపలు పేడ తింటాయని కాదు. నాచు పెరగాలని. ఆ నాచు సరిపడా ఉందో లేదో చూడటానికి పాత పద్ధతి ఒకటుంది. చెయ్యి చాచి నీళ్లలో ముంచుతారు. మోచెయ్యి దాకా మునిగేసరికి అరచెయ్యి కనిపించకుండా పోతే నాచు సరిగ్గా ఉన్నట్టు. మోచెయ్యి మునిగాక కూడా అరచెయ్యి స్పష్టంగా కనిపిస్తే తిండి తక్కువ, ఎరువు వెయ్యాలి. మణికట్టు దగ్గరే అరచెయ్యి మాయమైతే నాచు మరీ ఎక్కువ, ప్రమాదం. మాస్టార్లు పిల్లల్ని చెరువుకి తీసుకెళితే ముందు చూపించాల్సింది ఇదే. గట్టు మీద పెద్దవాళ్లు ఉండాలి, అంతే.

నాచు ఎక్కువైతే ప్రమాదం ఏమిటి? తిండే కదా అనిపిస్తుంది. పగలు నాచు ప్రాణవాయువును నీళ్లలోకి వదులుతుంది. రాత్రి ఎండ లేదు. వదలడం ఆగిపోతుంది. పీల్చడం మాత్రం ఆగదు. చేపలూ పీలుస్తాయి, నాచూ పీలుస్తుంది, అడుగున బురదలో కుళ్లబెట్టే సూక్ష్మజీవులూ పీలుస్తాయి. తెల్లవారుజాముకి నీళ్లలో ప్రాణవాయువు అడుగంటుతుంది. ముసురు పట్టిన రోజుల్లో మరీ ఘోరం. అప్పుడు చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. రైతు పరుగున వచ్చి ఇంజను వేసి కొత్త నీళ్లు తోడతాడు. చెరువులో ప్రతి ప్రాణీ ఎండ మీద ఎంతగా ఆధారపడిందో ఆ తెల్లవారుజామున చూడాలి.

      

ఇప్పటిదాకా శక్తి గురించి చెప్పాను. శక్తి ఒకవైపే పారుతుంది. వెనక్కి రాదు. రోజూ కొత్త ఎండ పడాలి. మరి పేడలోని సత్తువ? అది వెనక్కి వస్తుంది. ఈ తేడా చాలా ముఖ్యం. ఇంకోసారి చెబుతాను. శక్తి వెళ్లిపోతుంది. పదార్థం తిరుగుతుంది.

నేలపట్టు దీనికి మంచి ఉదాహరణ. సూళ్లూరుపేట దగ్గర చిన్న ఊరు. అక్కడో చెరువు. చెరువులో నీళ్లలోనే నిలబడ్డ చెట్లు. చలికాలం వచ్చేసరికి ఆ చెట్ల నిండా గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. తిండికి పులికాట్ సరస్సుకీ, చుట్టుపక్కల చెరువులకీ ఎగిరి వెళతాయి. తిని వచ్చి ఇక్కడ రెట్టలు వేస్తాయి. పులికాట్ చేపల్లో ఉన్న నత్రజని, భాస్వరం అలా ఆకాశ మార్గాన నేలపట్టు చెరువులోకి వచ్చి పడతాయి. ఆ నీళ్లు కింది పొలాలకి పారతాయి. పక్షుల్ని తరమకుండా ఆ ఊరివాళ్లు కాపాడుకుంటూ రావడానికి ఇదొక కారణం. రెట్టలోని భాస్వరం వరి గింజలోకి వెళ్లింది. గింజ మనిషిలోకి వెళ్లింది. అది మళ్లీ మళ్లీ తిరుగుతుంది. గూడబాతు ఎగరడానికి ఖర్చు పెట్టిన శక్తి మాత్రం వేడిగా మారి పోయింది. అది ఏ పొలానికీ రాదు.

వేసవిలో చెరువు పూడిక తీసి పొలాలకి తోలుకునే రైతులు కూడా చేసేది ఇదే పని. వానకి కొట్టుకొచ్చి అడుగున చేరిన సత్తువను బండికెత్తి వెనక్కి తీసుకెళ్లడం.

ఈ మెట్ల లెక్కను మొదట కూర్చుని వేసిన మనిషి గురించి రెండు మాటలు. పేరు రేమండ్ లిండెమన్. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం. సెడార్ బాగ్ అనే చిన్న సరస్సు. ఆయన భార్య ఎలినార్ కూడా నమూనాలు సేకరించడంలో సాయం చేసింది. ఎంత ఎండ పడింది, ఎంత నాచు పెరిగింది, ఎన్ని పురుగులు, ఎన్ని చేపలు, అన్నిటినీ శక్తి లెక్కలోకి మార్చాడు. వ్యాసం రాసి పత్రికకి పంపితే పరిశీలకులు వద్దన్నారు. ఊహలు ఎక్కువ, ఆధారాలు తక్కువ అన్నారు. యేల్ విశ్వవిద్యాలయంలో హచిన్సన్ అనే ప్రొఫెసర్ గట్టిగా వాదించాడు. చివరికి వ్యాసం 1942లో అచ్చయింది. అది బయటికి రాకముందే లిండెమన్ జబ్బు చేసి చనిపోయాడు. వయసు ఇరవై ఏడు.

మన పుస్తకాల్లో పది శాతం నియమం అని ఆయన పేరుతోనే ఉంటుంది. తమాషా ఏమిటంటే ఆయన సరస్సులో లెక్క సరిగ్గా పది రాలేదు. ఒక మెట్టు దగ్గర పదమూడు శాతం వచ్చింది. పై మెట్టు దగ్గర ఇరవై రెండు వచ్చింది. నాచు పట్టిన ఎండ మాత్రం వెయ్యిలో ఒక వంతే. కాబట్టి పదిని శిలాశాసనంగా పట్టుకోవద్దు. ఒకచోట అయిదు, ఒకచోట ఇరవై. సులువుగా గుర్తుండటానికి పది.

కోళ్ల ఫారం ఉన్నవాళ్లు ఇక్కడ నన్ను పట్టుకుంటారు. ఏమండీ, మేం మూడున్నర కిలోల మేత వేస్తే రెండు కిలోల కోడి వస్తోంది. మీరేమో పది కిలోలకి ఒక కిలో అంటారేమిటి?

న్యాయమైన ప్రశ్నే. మొదటిది, మేత ఎండు సరుకు. కోడిలో మూడింట రెండు వంతులు నీళ్లు. నీళ్లు తీసేసి తూచి చూడండి. మీ లెక్క కూడా నూటికి పాతిక లోపలికి వచ్చేస్తుంది. రెండోది, ఆ కోడి అయిదారు వారాలే బతుకుతుంది. ఎదిగే వయసులోనే దాన్ని అమ్మేస్తారు. తిండి వెతుక్కోవక్కర్లేదు, పారిపోవక్కర్లేదు, గుడ్లు పొదగక్కర్లేదు. షెడ్డులో వెచ్చదనానికి దీపాలు కూడా మీరే పెడతారు. దాని ఖర్చులు చాలా మీరు భరిస్తున్నారు. పెరట్లో తిరిగే నాటుకోడిని అడగండి, పదో వంతు లెక్కకి అది ఇంకా దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు చెరువు దాటి అడవికి వెళదాం. నల్లమల. నాగార్జునసాగర్ శ్రీశైలం అడవి 1983లో పులుల సంరక్షణ కేంద్రం అయింది. కృష్ణకి అటు పక్క ఇప్పుడు అమ్రాబాద్. రెండూ కలిపితే వేల చదరపు కిలోమీటర్లు. అంత అడవిలో తిరిగినా పులి కనిపించదు. చెంచులని అడిగితే అడుగుజాడలు చూపిస్తారు. పులులు తక్కువ ఎందుకు? వేట వల్ల, అడవి నరకడం వల్ల. నిజమే. కానీ వేటగాడు ఒక్కడూ లేని రోజుల్లో కూడా దుప్పులన్ని పులులు ఏ అడవిలోనూ లేవు. ఉండవు కూడా.

కర్ణాటకలో నాగరహొళె అడవిలో ఏళ్ల తరబడి పులుల మీద పని చేసిన ఉల్లాస్ కారంత్ ఒక లెక్క చెబుతారు. ఒక పులి ఏడాదికి సుమారు యాభై పెద్ద జంతువుల్ని వేటాడుతుంది. దుప్పి, కణితి, అడవిపంది, ఇలాంటివి. అడవిలో యాభయ్యే ఉంటే మొదటి ఏడాదికే అయిపోతాయి. ఉన్నవాటిలో పదో వంతును పులి తీసుకుంటే, మిగిలినవి పిల్లల్ని పెట్టి ఆ లోటు పూడుస్తాయి. కాబట్టి ఒక్క పులికి వెనక అయిదు వందల జంతువులు బతికి ఉండాలి. ఆ అయిదు వందలకీ సరిపడా గడ్డి, ఆకు ఉండాలి.

పులిని కాపాడటం అంటే గడ్డిని కాపాడటం అని అడవి శాఖ వాళ్లు అంటే కొందరు నవ్వుతారు. లెక్క చూస్తే నవ్వు రాదు. నల్లమలలో వేసవి మంటలకి గడ్డి కాలిపోతే దుప్పి తగ్గుతుంది. దుప్పి తగ్గితే పులి ఊళ్ల వైపు, పశువుల వైపు వస్తుంది.

మరి అన్ని అడవులూ ఒకేలా ఎందుకు లేవు? పుస్తకంలో జీవమండలాలు అని ఒక పాఠం. టండ్రా, టైగా, సవన్నా, సహారా ఎడారి. పిల్లలు రంగుల మ్యాపు వేస్తారు. వెయ్యనివ్వండి. నాకున్న ఫిర్యాదల్లా ఒకటే. కాకినాడ పిల్లవాడు సైబీరియాలో ఏ చెట్లుంటాయో చెబుతాడు. పక్కనే ఉన్న కోరింగ మడ అడవికి ఒక్కసారీ వెళ్లి ఉండడు. ముందు దగ్గరిది చూసి, తర్వాత దూరానికి వెళితే బాగుంటుంది కదా.

ఎండ మనకి అన్ని జిల్లాల్లోనూ దండిగానే ఉంది. తేడా అంతా వానలో ఉంది. అనంతపురం వైపు ఎండకేం తక్కువ? ఎండను పట్టే ఆకు పెరగడానికి నీళ్లు లేవు. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో అదొకటి. అందుకే ముళ్ల పొదలు, పొట్టి గడ్డి. ఆ గడ్డి మీద కృష్ణజింక బతకగలదు. నల్లమలకి వాన కొంచెం మెరుగు. అక్కడ ఆకు రాల్చే చెట్లు నిలబడ్డాయి. వేసవికి ఆకు రాల్చేసి నీళ్లు పొదుపు చేసుకుంటాయి. తూర్పు కనుమల్లో పైకి, అరకు, మారేడుమిల్లి వైపు వెళితే వాన ఇంకా ఎక్కువ, పచ్చదనం ఇంకా ఎక్కువ. ఎక్కడ వాన తక్కువో అక్కడ మొదటి మెట్టు సన్నం. మొదటి మెట్టు సన్నమైతే పైన అన్నీ సన్నమే.

కోరింగలో ఇంకో విచిత్రం. గోదావరి సముద్రంలో కలిసే చోట, ఉప్పు నీళ్ల బురదలో, నల్లమడ, తెల్లమడ చెట్లు. ఆ ఆకును చెట్టు మీదే మేసే జంతువులు తక్కువ. ఆకు పండి నీళ్లలో రాలుతుంది. పీతలు చించుతాయి. సూక్ష్మజీవులు కుళ్లబెడతాయి. ఆ కుళ్లును రొయ్య పిల్లలు తింటాయి. రొయ్యల్ని చేపలు, చేపల్ని నీటికుక్కలు, బావురు పిల్లులు. అక్కడ గొలుసు రాలిన ఆకుతో మొదలవుతుంది. మడ చెట్టు కొడితే సముద్రంలో రొయ్య ఎందుకు తగ్గుతుందని అడిగేవాళ్లకి జవాబు ఆ రాలిన ఆకు.

పులికాట్ దగ్గర ఫ్లెమింగోలని చూశారా? చలికాలంలో వేలల్లో దిగుతాయి. అంత పెద్ద పక్షి అన్ని వేలు ఎలా వచ్చాయి? అవి తల్లకిందులుగా ముక్కు నీళ్లలో పెట్టి వడగట్టేది నాచును, సన్నటి రొయ్యల్లాంటి పురుగుల్ని. కింది మెట్ల తిండి. అందుకని వేల నోళ్లకి సరిపోతుంది. అదే సరస్సు మీద చేపల్ని పట్టే పెద్ద గద్దలు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టేస్తారు.

ఇక ఈ మెట్ల లెక్కకి ఎదురు తిరిగేది ఒకటి ఉంది. అది మన వంటింటికి సంబంధించింది. కాబట్టి జాగ్రత్తగా వినండి.

శక్తి ఖర్చవుతుంది కాబట్టి పై మెట్టుకి తక్కువ అందుతుందని చెప్పాను. ఒంట్లో ఖర్చు కానిది, త్వరగా బయటికి పోనిది ఏదైనా నీళ్లలో కలిస్తే? పాదరసం అలాంటిది. బొగ్గు మండించిన పొగలోంచి, ఇంకా రకరకాల దారుల్లో అది సముద్రంలో చేరుతుంది. బురదలో సూక్ష్మజీవులు దాన్ని ఒంటికి పట్టే విషంగా మారుస్తాయి. నాచులో అది అణుమాత్రం. నాచును బోలెడు తిన్న పురుగులో కాస్త ఎక్కువ. పురుగుల్ని బోలెడు తిన్న చేపలో ఇంకాస్త ఎక్కువ. తిండి మెట్టు మెట్టుకీ పదో వంతు అవుతుంటే, విషం మెట్టు మెట్టుకీ చిక్కబడుతుంది. డీడీటీ అనే పురుగుమందు కూడా ఇలాగే చిక్కబడింది. చేపలు తినే గద్దల గుడ్ల పెంకులు పల్చబడి, తల్లి పొదగడానికి కూర్చుంటే పగిలిపోయేవి. రేచల్ కార్సన్ 1962లో రాసిన పుస్తకం డీడీటీ చేసే హాని మీద లోకం దృష్టిని నిలిపింది.

సముద్రంలో పై మెట్టు మీద ఉండేవి పెద్ద సొరలు. ఏళ్ల తరబడి బతుకుతాయి, ఏళ్ల తరబడి చేపల్ని తింటాయి. మన కోస్తాలో బాలింతకి పాలు పడతాయని సొర పుట్టు చేసి పెట్టడం ఉంది. అమ్మమ్మల ప్రేమను నేను తప్పు పట్టను. వాళ్ల కాలంలో సముద్రంలో ఇంత పాదరసం లేదు. ఇప్పుడు మాత్రం గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు పెద్ద సొర తినకపోవడమే మంచిదని చాలా దేశాల ఆరోగ్య శాఖలు చెబుతున్నాయి. ఎదిగే మెదడు మీద పాదరసం దెబ్బ కొడుతుంది. పిల్ల సొరల్లో తక్కువే ఉండొచ్చు. కానీ కోసిన ముక్క చూసి అది ఎంత సొరదో ఎలా చెబుతాం?

అలాగని చేపలు మానేయమని కాదు. బాలింతకి చేప మంచి తిండి. కింది మెట్ల చేపలు చూసి తెచ్చుకోండి. నెత్తళ్లు, కవళ్లు, చెరువుల్లో అయితే శీలావతి. చిన్న చేపల్ని ముల్లుతో సహా తినొచ్చు, సున్నం కూడా దొరుకుతుంది. మార్కెట్లో అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఈ చేప ఏం తిని బతుకుతుందమ్మా? అమ్మే ఆవిడకి జవాబు తెలిసే ఉంటుంది.